టీ పిప్పి కొండ

ఆ వసంతమంతా మా ఇంట్లో గదులు వెచ్చబరిచే రేడియేటర్ల మీద తడి బట్టల పక్కన టీ పిప్పి ఆరుతూ ఉండేది. పొద్దున నేనూ బావా తాగిన టీ, డ్యూటీ దిగి వచ్చి అక్క తాగిన టీ, ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్లు తాగిన టీ, దేని పిప్పీ చెత్తబుట్టలో పడడానికి వీల్లేదు. పాల జిడ్డు పోయేదాకా కడగాలి. పాత పేపరు మీద పలచగా పరచాలి. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలేదాకా ఆరనిచ్చి డబ్బాలో పోయాలి. ఈ నియమాలు పెట్టినవాణ్ణి నేనే. కారణం ఒక అగ్నిపర్వతం.

ఇల్లు ఈ పరాయి దేశపు రాజధాని శివారు ఆడమ్స్‌టౌన్‌లో, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం. లీజు అక్కాబావల పేరు మీద ఉండేది. నాకు వాళ్లు చుట్టాలేమీ కారు. వాళ్లది గుంటూరు వైపు, మాది ఖమ్మం జిల్లా. బాక్స్ రూమ్ అనే ఇరుకు గది ఖాళీగా ఉందని తెలిసినవాళ్లు చెబితే వచ్చి చేరాను. మొదటి వారంలోనే ఆమె నన్ను తమ్ముడూ అంది, అక్కడితో వరసలు కుదిరిపోయాయి. అక్క డ్రోహెడా ఆసుపత్రిలో నర్సు. బావ క్లోనీ దగ్గర ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. వాళ్లకి ఒక్కతే కూతురు, ఐదో తరగతి. తెలుగు అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లిష్‌లోనే వచ్చేది. నన్ను పిలిచే 'మామా' ఒక్కటే ఆమె నోట అచ్చమైన తెలుగు.

ఆ ఇంట్లో అందరం ఎప్పుడూ అలసిపోయే ఉండేవాళ్లం. అక్క డ్రోహెడా నుంచి కారు నడుపుకుంటూ వచ్చి, బూట్లు విప్పకుండానే సోఫాలో కాసేపు కూర్చునేది. బావ నడుం పట్టీ తీసి కుర్చీకి తగిలించేవాడు. నేను రైలు దిగి, లాప్‌టాప్ సంచి మెట్ల దగ్గర పెట్టి, ముందు కెటిల్ నొక్కేవాణ్ణి. ఒకరినొకరు బాగున్నావా అని అడగడం ఎప్పుడో మానేశాం.

నేను పనిచేసే చిన్న కంపెనీ ప్రకృతి ప్రమాదాల పట్టికలు తయారుచేసి బీమా సంస్థలకు ఇస్తుంది. ఆ ఏడాది నాకు అప్పగించింది నికరాగ్వాలోని సెర్రో నెగ్రో. ఆ పేరుకి అర్థం నల్ల కొండ. అగ్నిపర్వతాల్లో అది పసిబిడ్డ కింద లెక్క. 1850 ఏప్రిల్‌కి ముందు అక్కడ కొండే లేదు. పాత అగ్నిపర్వతాల వాలులో నేల చీలింది, కరిగిన రాయి పైకి ఎగిరింది, గాలిలోనే చల్లారి నురగ నురగగా గట్టిపడి చుట్టూ పడింది. కమ్మరి కొలిమి పక్కన పారేసిన ఇనుప చిట్టెం చూసినవాళ్లకి ఆ రాళ్లు కొత్తగా అనిపించవు. సిండర్ కోన్ అంటే ఇంతే, తన నోటి చుట్టూ తనే పోసుకున్న చిట్టెపు కుప్ప. లోపల జిగురు లేదు, సిమెంటు లేదు. గింజ మీద గింజ ఎంత వాలులో నిలుస్తుందో అంత వాలులో నిలుస్తుంది. ఇంకాస్త ఎక్కువైతే జారుతుంది.

నా పని దాని చరిత్రను వరసలుగా, గడులుగా మార్చడం. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, బూడిద ఎటు వీచింది, లావా పారిందా లేదా, ఏం నష్టం. వినడానికి తేలికే. కానీ బద్దలవడం ఎప్పుడు ఆగిందో చెప్పడం చాలా కష్టం. కొన్నాళ్లు పొగ వస్తుంది, ఆగుతుంది, మళ్లీ బూడిద రాలుతుంది. అది పాతదాని మిగులా, కొత్తదా? మూడు నెలలు నిశ్శబ్దంగా ఉంటే ఆ తర్వాతిది కొత్తదని ఈ రంగంలో ఒక వాడుక. పాత రాతల్లో అంత వివరం దొరకదు. ఎవరో ప్రయాణికుడు దూరం నుంచి పొగ చూశానని రాస్తాడు. దాన్ని ఒక వరస చేయాలా వద్దా అని రోజంతా కూర్చున్న సందర్భాలున్నాయి.

బూడిద మాత్రం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఊరి పక్కన థర్మల్ ప్లాంటు ఉండేది. గాలి ఇటు తిరిగిన రోజు డాబా మీద ఆరేసిన బట్టలు మా అమ్మ రెండుసార్లు దులిపేది. అందుకని ఆ కొండ దగ్గరి లియోన్ పట్నంలో జనం బరువుకి కప్పులు కూలకుండా నిచ్చెనలేసుకుని బూడిద ఊడుస్తారని చదివినప్పుడు, నేను దాన్ని నష్టం గడిలో రాశాను గానీ నా కంటికి కనిపించింది మా డాబా.

ఒక సాయంత్రం పాప నా స్క్రీన్ వైపు తొంగిచూసి అడిగింది.

"మామా, ఈజ్ దట్ యువర్ వర్క్? ఎ వాల్కేనో?"

"ఔను. ఎన్నిసార్లు పేలిందో లెక్క రాస్తున్న."

"దట్స్ యువర్ హోల్ జాబ్? సీరియస్లీ?"

బావ వంటింట్లోంచి నవ్వాడు. "మీ మామ ఇంజనీరింగ్ చదివింది దానికేనమ్మా. మనూళ్లో దీపావళికి చిచ్చుబుడ్లు లెక్కెట్టే పని ఉండుంటే ఈ వీసా బాధే లేకపోయేది."

స్కూల్లో సైన్స్ ప్రదర్శన ఉందనీ, అందరూ వంటసోడా, వెనిగర్ పోసి ఎర్ర నురగ పొంగించే అగ్నిపర్వతాలే చేస్తున్నారనీ పాప చెప్పింది. తనది వేరేగా ఉండాలంది. అలా మొదలైంది. ఫోటో ఫ్రేము అద్దం ఒకటి నిలబెట్టి, దానికి ఆనించి సగం కొండ పోయాలి. అప్పుడు లోపలి పొరలు అద్దంలోంచి కనిపిస్తాయి. ఒక్కో విస్ఫోటనానికి ఒక నల్లటి పొర. మధ్యలో కొండ నిద్రపోయిన కాలానికి తెల్లగా బొంబాయి రవ్వ. ఎక్కువ కాలం నిద్రపోతే మందంగా, తక్కువైతే పలచగా. నల్ల పొరకి ఏం వాడదామని నేను ఇసుక, బొగ్గుపొడి ఆలోచిస్తుంటే పాప సింకులోని టీ జల్లెడ చూపించింది. నిజంగానే అంత సరైన గింజ ఇంకోటి లేదు.

ఆ రోజుల్లోనే ఇంటి యజమాని ఫోన్ చేశాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాననీ, నోటీసు పంపిస్తున్నాననీ చెప్పాడు. వేసవి దాటేలోపు తనకి నచ్చిన బేరం రాకపోతే అమ్మకం మానుకుంటాననీ, అప్పుడు మీరే ఉండొచ్చనీ కూడా అన్నాడు. ఆ చివరి మాట పట్టుకుని మేం బతికాం. పాప అప్పటికే రెండు స్కూళ్లు మారింది. ఈ మూడోదాంట్లోనే ఆమెకి ఒక స్నేహితురాలు దొరికింది. చుట్టుపక్కల అద్దె ఇళ్లు దొరకడం లేదు. వెళ్లాల్సి వస్తే డ్రోహెడాకే వెళ్లాలి, అంటే ఆరో తరగతి ఇంకో స్కూల్లో. ఫోన్ మాటలన్నీ పాప వింది. ఆ రాత్రి అన్నం తింటూ ఒక్కటే అడిగింది, ఇల్లు ఎవరికీ నచ్చకపోతే మనం ఉండొచ్చు కదా అని. అంతే కదా అన్నాడు బావ.

మొదటి విడత టీ పిప్పికి బూజు పట్టింది. పాప గదిలో రేడియేటర్ మీద పెట్టింది అది. పాల జిడ్డు మిగిలిందేమోనని రెండో విడత మరింత కడిగి, సగం వంటింట్లో, సగం ఆ గదిలో ఆరబెట్టాను. వంటింటిది శుభ్రంగా ఆరింది. గదిలోదానికి మళ్లీ తెల్లటి నూగు. ఇక తప్పు పిప్పిది కాదు. అలమారాని ఇక్కడ ప్రెస్ అంటారు, మేమూ అలాగే అనేవాళ్లం. పాప బట్టల ప్రెస్‌ని నేనూ బావా ముందుకి జరిపి చూస్తే వెనక గోడంతా చెమ్మ. చేయి పెడితే చల్లగా, మెత్తగా ఉంది.

"యజమానికి చెబ్దామా?" అన్నాను.

"అమ్ముకునేవాడికి చెప్పి ఏం లాభం?" అన్నాడు బావ. ఆ మాటా నిజమే.

శనివారం ఇల్లు చూడ్డానికి జనం వస్తారని ఏజెంట్ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. ఆ ఉదయం వంట చేయకుండా ఉంటే మంచిదని చివర్లో ఒక ముక్క. అక్క దాన్ని మళ్లీ మళ్లీ చదివింది.

"వంట చేయొద్దంట. మన ఇల్లు కంపు కొడతందనా?"

"దారి ఆమే చూపించింది గదే," అన్నాడు బావ. "శనివారం పొద్దున్నే ఎండు నెత్తళ్లు వేపు. గేటు దాకా వచ్చినోడు గేటు కాడ నుంచే తిరిగిపోద్ది శని."

"నీకేం? ఇండియావోళ్లు ఇల్లు ఇట్టా పెట్టుకుంటారంట అని ఆ పిల్ల ఊరంతా చెప్పుద్ది. నా పరువేం కావాలి?"

"పరువుంటే ఇల్లుండదు, ఇల్లుంటే పరువుండదు. ఏదో ఒకటి తేల్చుకో."

అక్క తేల్చుకుంది. శుక్రవారం సెలవు పెట్టి ఇల్లంతా కడిగింది. పొయ్యి వెనక టైల్స్ టూత్‌బ్రష్‌తో రుద్దింది. కిటికీలు తుడిచింది నేను. బావ కూడా, నెత్తళ్ల సంగతి మరిచిపోయి, పాప గదిలో చెమ్మ గోడని బ్లీచ్‌తో కడిగి, షెడ్డులో మిగిలిన తెల్ల రంగు వేశాడు. ఎందుకు బావా అంటే, "వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారయ్యా?" అన్నాడు. ఇల్లు ఎవరికీ నచ్చకూడదు, మమ్మల్ని మాత్రం ఎవరూ తక్కువగా చూడకూడదు. ఈ రెండూ ఒకేచోట కుదరవని ముగ్గురు పెద్దవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా ఒళ్లు వంగి చీపురు పట్టుకునే ఉండేది.

శనివారం నాలుగైదు జంటలు వచ్చాయి. అందరూ గదులు చూసి, పైకప్పు చూసి, మాకు తల ఊపి వెళ్లిపోయారు. ఆఖరున వచ్చిన జంటలో ఆమె నిండు గర్భిణి. మెట్లెక్కి దిగేసరికి ఆయాసపడుతోంది. అక్క నర్సు ఉద్యోగం ఆ క్షణంలో మొదలైంది.

"సిట్ డౌన్, సిట్ డౌన్. ఫస్ట్ బేబీ? ఎనీ స్వెల్లింగ్ ఇన్ ద లెగ్స్?" అని కుర్చీ లాగి కూర్చోబెట్టింది. నేను కళ్లతో వద్దని చెబుతూనే ఉన్నాను. అక్క నా వైపు తిరిగి తెలుగులో, "ఇంటికొచ్చినోళ్లని, అందులో కడుపుతో ఉన్న పిల్లని, గుక్కెడు టీ అయినా ఇయ్యకుండా పంపుతామా తమ్ముడూ?" అంది. ఏజెంట్ గడియారం చూసుకుంది. యాలకులు దంచిన వాసన వచ్చింది. చెక్కల డబ్బా బయటికొచ్చింది.

చలికాలంలో ఇల్లు ఎలా ఉంటుందని ఆయన బావని అడిగాడు. "గ్రాండ్, గ్రాండ్. వెరీ వార్మ్," అన్నాడు బావ. తిన్న కంచాన్ని, ఉన్న ఇంటిని తిట్టకూడదు. నన్ను రైళ్ల గురించి అడిగారు. నేను వరసగా చెప్పాను: రైలు, బస్సు, కొట్టు, కొత్తవాళ్లని తీసుకునే జీపీ డాక్టరు, పిల్లల పార్కు. ప్రశ్న వేస్తే పూర్తిగా జవాబు చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు.

ఆమె చూపు బల్ల మీదున్న సగం కొండ మీద పడింది. అదేంటని అడిగింది. ఇక పాప ఆగలేదు. అడుగు పొర 1850 అంది. ఆ పైది 1867, చాలా గట్టిగా పేలిందంది. మధ్యలో తెల్లటి రవ్వ కొండ నిద్రపోవడం అంది. పోనుపోను నల్ల పొరలు దగ్గర దగ్గరగా వచ్చేశాయి చూడమంది. పైభాగంలో మందంగా ఉన్న తెల్ల చారని వేలితో చూపించింది. 1971 తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఏమీ జరగలేదు, అయిపోయిందని జనం అనుకున్నారు, 1992లో మళ్లీ వచ్చింది, 1995, 1999. అప్పటి నుంచి నిశ్శబ్దం. ఇప్పుడు జనం పలకల మీద కూర్చుని దాని వాలులో జారుతారు, సరదాకి.

"మరి ఈసారి ఎప్పుడు?" అని ఆమె అడిగింది.

"నో వన్ నోస్," అంది పాప. "ద గ్యాప్స్ డోంట్ మ్యాచ్. మామా చెక్డ్."

వాళ్లిద్దరూ చాలాసేపు కూర్చున్నారు. రెండో కప్పు కూడా తాగారు. వెళ్లేటప్పుడు ఆమె గుమ్మంలో ఆగి, ఈ ఇంట్లో అడుగుపెడితే సొంతింట్లా ఉంది అంది.

తలుపు మూశాం. బావ చెక్కల డబ్బా మూత పెట్టాడు.

"మనం నలుగురం కలిసి ఇల్లు అమ్మేశాం," అన్నాడు. "కమీషన్ ఆ ఏజెంట్ పిల్లకి పోద్ది."

"యూ గైస్," అంది పాప. మిగతాది అనకుండా పైకి వెళ్లిపోయింది.

ప్రదర్శన రోజు కొండని కారులో తీసుకెళ్లాం. వీధి చివర మొదటి స్పీడ్ బంపు దగ్గరే జారిపోయింది. నలుపూ తెలుపూ కలిసి బూడిద రంగు కుప్ప. నేను బాధపడ్డాను గానీ పాప పడలేదు. స్కూలు హాల్లో గరాటుతో ఉన్నదాన్నే మళ్లీ పోసి, పొరలు లేకుండానే నోటితో చరిత్ర చెప్పిందట. ఆ మధ్యాహ్నమే ఏజెంట్ ఫోన్ చేసింది. ఆ జంట ఇస్తామన్న ధర యజమానికి నచ్చింది. వాళ్లకి మీరు ఎంత నచ్చారో తెలుసా అని కూడా చెప్పింది.

తర్వాతి వారాల్లో పెట్టెలు తెచ్చుకున్నాం. డ్రోహెడాలో అక్క ఆసుపత్రికి దగ్గర ఒక చిన్న ఫ్లాటు ఖాయమైంది. నాకు లూకన్‌లో ఇంకెవరింట్లోనో ఒక గది. ప్రెస్ ఖాళీ చేయడానికి జరిపినప్పుడు తెల్ల రంగులోంచి మరక మళ్లీ పైకి వచ్చి ఉంది. మొదటికంటే వెడల్పుగా.

అక్క గోడ ముందు నిలబడింది.

"ఈ గదిలో పసిబిడ్డని పడుకోబెడతామంది ఆ పిల్ల. ఊపిరితిత్తులు ఏమైపోతాయి?"

"చెబితే బేరం చెడిపోద్ది," అన్నాడు బావ.

"చెడిపోతే మనం ఉండొచ్చుగా."

"అదేనే నేననేది. మన కోసం చెప్పావనుకుంటారు. ఇన్నాళ్లూ నోరు మూసుకుని, గోడకి రంగేసి, ఇప్పుడు చెబుతున్నారని."

అందులో తప్పేమీ లేదు, రెండు వైపులా నిజమే. అక్క నా వైపు చూసింది. నేను రోజూ చేసే పని ఇదే, ఒక మరక కొత్తదా పాతదా తేల్చడం. "పాతదేనక్కా," అన్నాను. "మధ్యలో కొన్నాళ్లు కనిపించలేదంతే. చెప్పు."

కర్టెన్ల కొలతలు తీసుకోడానికి ఆ జంట వచ్చినప్పుడు అక్క ఆమె చేయి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది. గోడ చూపించింది. మేమే రంగు వేశామని చెప్పింది. బిడ్డని ఈ గదిలో పెట్టొద్దు, ముందు గది వాడుకోండి అంది. పాప మెట్ల మీద కూర్చుని వింటోంది. వాళ్లు కొనడం మానేస్తారా అన్నది ఆమె మొహంలో ఎంత స్పష్టంగా ఉందంటే, నేను అటు చూడలేకపోయాను.

భర్త గోడ మీద వేలితో తట్టి చూశాడు. కొనేముందు ఇల్లు పరీక్షించిన సర్వేయర్ కూడా చెప్పాడన్నాడు, ఫర్వాలేదు, బాగుచేయిస్తామన్నాడు. ఆమె అక్కని కౌగిలించుకుంది. ఇంత నిజాయితీగా ఉండేవాళ్లు ఉన్న ఇల్లు కొంటున్నందుకు సంతోషమంది. వాళ్లు వెళ్లాక అక్క సోఫాలో కూలబడి, బూట్లతోనే కాళ్లు చాపి, కళ్లు మూసుకుంది.

"టీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు. పిప్పి పారెయ్. ఇంక దాచేది ఏముంది?"

పారేశాను.

సెప్టెంబరు వచ్చేసరికి నా పట్టిక పూర్తయింది. చివరి వరస 1999. దాని కింద ఇంకేమీ లేదు, స్థితి అన్న గడిలో మాత్రం క్రియాశీలం అని ఉంటుంది. నిద్రలో ఉన్నా అలాగే రాయాలి. అది పంపేసిన రోజు రైలు దిగి కొత్త గదికి నడుస్తుంటే పాప నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. కొత్త స్కూల్లో తరగతి ముందు ఏదో ఒకటి చెప్పమన్నారట. మళ్లీ కొండే చేస్తుందట. వెనక అక్క గొంతు వినిపించింది, ముందు అన్నం తినమని.

"మమ్ అండ్ డాడ్ డోంట్ డ్రింక్ ఇనఫ్ టీ," అంది పాప. "కెన్ యూ సేవ్ యువర్స్, మామా? అండ్ వాష్ ఇట్ ప్రాపర్లీ."

వంటింట్లో ఎవరూ లేరు. టీ పెట్టుకుని నిలబడే తాగాను. జల్లెడలోని పిప్పిని నీళ్లు తేటపడేదాకా కడిగి, గదిలో రేడియేటర్ వెనక గోడ మీద అరచేయి ఆనించి చూశాను. పొడిగానే ఉంది. పేపరు పరిచాను.